సైకిల్‌ను బస్సెక్కించి రాచర్ల పోయాను

మంజూరైపోయిందండీ, మా అమ్మాయి ఊరికి సైకిల్ దారి మంజూరైపోయింది! పొద్దున ఫోనులో ఆ మాట వినగానే చేతిలోని కాఫీ గ్లాసు ఎక్కడ పెట్టానో ఇంకా దొరకలేదు. మా అమ్మాయి రాచర్ల దగ్గర ఒక ఊరికి సర్పంచి. ఆ ఊరి నుంచి హైస్కూలు దాకా, నడిచేవాళ్ళకూ సైకిళ్ళకూ రోడ్డు పక్కన వేరే దారి వేయడానికి ప్రభుత్వం డబ్బిస్తోంది. అదీ కొత్త రాష్ట్రంలో డబ్బెక్కడిదని అందరూ నిట్టూరుస్తున్న రోజుల్లో!

దీనికోసమే పోయిన నెల నేను మార్కాపురం నుంచి బయలుదేరాను. అమ్మాయి ఊరి రోడ్డు నిండా రాళ్ళ లారీలు. ఆడపిల్లలకు సర్కారు ఇచ్చిన సైకిళ్ళు పశువుల కొట్టాల్లో ఉండిపోయాయి, వాటి మీద కోళ్ళు పడుకుంటున్నాయి. దారి వేయిస్తానని మాటిచ్చి మా అమ్మాయి గెలిచింది. ఇక ఇంజనీరు చూడటానికి వస్తున్నాడు. నడిచేవాళ్ళూ తొక్కేవాళ్ళూ కనబడకపోతే ఆ డబ్బు ఇంకో ఊరికి పోతుంది. "నాయనా, నీ సైకిల్ తీసుకొని రా. ఒక్కటన్నా కనబడాల" అంది.

పలకల ఫ్యాక్టరీకి నేను ముప్పై ఏళ్ళు తొక్కిన సైకిల్ అది. పొద్దున ఆరు గంటల గిద్దలూరు బస్సు పైన కట్టించాను. నాకు టికెట్టు, దానికి లగేజీ టికెట్టు.

"ఏంది తాతా, సైకిల్ పెట్టుకొని బస్సెక్కినావు?" అన్నాడు కండక్టరు.

"తొక్కేదానికే పోతున్నా నాయనా."

బస్సంతా నవ్వింది. కంభంలో టీ, వేడి వడలు బాగుంటాయి, దిగి తినండి. గిద్దలూరులో ఆటో ఎక్కితే మనిషికి ఇరవై రూపాయలు. సైకిల్‌కూ ఇరవై అడిగాడు, అది కూడా ఒక సీటు తీసుకుందట!

ఊరి ముందర దిగి చూస్తే నడిచే మనిషి ఒక్కడూ లేడు. మా అమ్మాయి ఇంజనీరును తీసుకురావడానికి జీపులో పోయింది. జనాన్ని రోడ్డు మీదికి తెచ్చే పని వాళ్ళ మామకు, అంటే మా వియ్యంకుడికి అప్పగించింది. ఆయన జనాన్నంతా ఆటోల్లో, ట్రాక్టర్లలో కూర్చోబెట్టి, బండ్లకు పూలదండలు వేసి వరసగా నిలబెట్టాడు. బడి పిల్లలు కూడా ట్రాక్టరు మీదే.

"ఏంది బావా ఇది?"

"ఆఫీసరు ముందర మనోళ్ళు కాళ్ళీడ్చుకుంటా నడిస్తే ఊరి మర్యాద ఏం కావాల బావా? నీ సైకిల్‌ను ఆ గోడ చాటున పెట్టు."

అంతలో జీపు వచ్చింది. ఇంజనీరు దిగి అటూ ఇటూ చూశాడు. "ఇక్కడ నడిచేవాళ్ళు ఎవరమ్మా?" అన్నాడు.

అమ్మాయి నోరు తెరిచేలోగా మా వియ్యంకుడు ఛాతీ విరిచి, "మా ఊర్లో నడిచే ఖర్మ ఎవరికీ లేదు సార్!" అన్నాడు.

"మంచిది. అయితే ఈ డబ్బు వేరే ఊరికి ఇద్దాం."

అమ్మాయి ముఖం చూడలేకపోయాను. ఇంజనీరు జీపెక్కాడు. కానీ జీపు కదిలితేగా! వెనక ట్రాక్టర్లు, ముందర ఆటోలు, వాటి మధ్యకు మేతకు పోయే గొర్రెల మంద వచ్చి దూరింది. అవతల ఒక లారీ ఒకటే హారన్. ఇంజనీరేమో గిద్దలూరులో మీటింగుందని గడియారం చూసుకుంటున్నాడు. బడికి ఆలస్యమవుతోందని పిల్లలు ట్రాక్టరు దిగి నడక మొదలుపెట్టారు.

నేను గోడ చాటు నుంచి సైకిల్ తీశాను. "సార్, ఎనక కూచోండి. బస్సు దొరికేకాడ దింపుతా."

వేరే గతి లేక కూర్చున్నాడు. మా వెనకే అమ్మాయి గబగబా నడిచి వస్తోంది. కొంచెం దూరం పోయామో లేదో, గొర్రెలను దాటుకున్న లారీ వెనక నుంచి వచ్చేసింది. నడిచే పిల్లల్లో ఒకతి మామూలుగా, "తాతా, ఎడమకు దూకండి! ఆడ ముండ్లు తక్కువ!" అని అరిచింది. పిల్లలందరూ అలవాటుగా ఎడమకు దూకారు. మేము అలవాటు లేక కుడికి పడ్డాం.

ఇంజనీరు కంపలోంచి లేచి, ప్యాంటుకు గుచ్చుకున్న ముళ్ళు తీసుకుంటూ పిల్లల వంక చూశాడు. "రోజూ ఇట్లాగేనా?"

"వానొస్తే బురదలోకి దూకుతాం సార్."

ఆయన ఆఖరి ముల్లు పీకి పారేశాడు. తర్వాత మా అమ్మాయిని అడిగాడు. "దారి ఎంత వెడల్పు కావాలమ్మా?"

"మీరూ మా నాయనా పడకుండా పోయేంత సార్."

సైకిల్ తొక్కినన్నాళ్ళూ స్కూటరు ఎప్పుడు కొంటానా అనే చూశాను. లారీ వస్తే దిగిపోవడం మా పని అనుకున్నాను. సైకిల్ వాడికి కూడా ఒక దారి ఉండాలని నాకే తోచలేదు, నా కూతురికి తోచింది. మోకాలి మీద గీతలు ఇంకా మానలేదు, మానకపోయినా ఫరవాలేదు!

మీరూ సైకిల్‌తో పోతే తాడు ఇంటి నుంచే తీసుకుపోండి. బస్సులో ఇవ్వరు.

ఇక కబురు చెప్పాల్సినవాళ్ళు: కంభంలో మా తమ్ముడు, గిద్దలూరులో చిన్నత్త, ఒంగోలులో బావమరిది. మా వియ్యంకుడికి అక్కర్లేదు, ఆ బండ్లన్నీ ఇంజనీరును జీపు దింపడానికే పెట్టించానని ఆయనే ఊరంతా చెబుతున్నాడు. పుల్లలచెరువులో మా పెద్దక్కకు మాత్రం ఎవరూ ఫోను చేయొద్దు. "ఆడపిల్ల సర్పంచయి ఏం చేస్తాదిరా" అంది ఆవిడ. రేపు బస్సు పైన సైకిల్ కట్టుకుని పోయి, వాళ్ళ వీధి మొదట్లో దిగి, గంట కొట్టుకుంటూ తొక్కి, నేనే చెప్పాలి.