వాన అడగొద్దన్న మనిషి

నా భార్య రోహిణీ కార్తెలో ఒక మధ్యాహ్నం చనిపోయింది. ప్రభువునందు నిద్రించిందని సంఘం పత్రికలో వేశారు. వేసినవారి మంచితనాన్ని కాదనను. కాని ఆమె నిద్రపోలేదు. ఊపిరి అందక పోయింది. నేను పక్కనే విసనకర్రతో కూర్చుని ఉన్నాను.

ఆమెది నౌపడ ఉప్పు మళ్ళలో పనిచేసే కుటుంబం. మాది మెట్ట సేద్యం చేసే ఇల్లు. నేను హైస్కూల్లో సైన్సు చెబుతాను. మా చర్చిలో సగం మంది ఉప్పువాళ్ళు, సగం మంది రైతులు. రైతుకు వాన కావాలి. ఉప్పు కుప్పల మీద తాటాకు కప్పకముందే వాన పడితే ఉప్పువాడి ఏడాది కష్టం కరిగిపోతుంది. ఒకే గదిలో మోకరించి ఒకే దేవుణ్ణి రెండు రకాలుగా అడగడం బాగుండదని పెద్దలు ఎప్పుడో ఒక కట్టడి పెట్టారు. ఆఖరి కుప్ప కప్పేదాకా ఎవరూ వాన కోసం ప్రార్థించకూడదు. మళ్ళన్నీ తిరిగి చూసి పాస్టరు అయ్యగారికి కబురు చెప్పే పని పన్నెండేళ్ళుగా నా భార్యది. చర్చి గుమ్మంలో నిలబడి, "కప్పేసినారు అయ్యగారూ. ఇంక ఎంత అడుగుతారో అడగండి" అనేది.

ఈస్టరుకు ముందు శ్రమల దినాలు నలభై రోజులూ ఆమె ఉప్పు ముట్టేది కాదు. ఉప్పువాళ్ళ పిల్లకి అదే పెద్ద ఉపవాసం. ఒక ఏడు నేనూ పూనుకున్నాను. మూడో రోజున ఆవకాయ జాడీ దగ్గర దొరికిపోయాను. "మూతికి నూనె తుడుసుకోండి మాస్టారూ, అయ్యగారొస్తన్నారు" అంది. ఈస్టరు ఉదయం ఆరాధన నుంచి రాగానే కొత్త ఉప్పు చిటికెడు నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకునేది. ఏమిటని అడిగితే, "సచ్చిన నాలిక లెగిసింది" అనేది.

ఒకసారి ఆదివారపు బడి పిల్లల కోసం ఈస్టరు పాఠం రాశాను. విదేశీ పత్రికలో చదివినదే. మంచు కరుగుతుంది, మోడులు పూస్తాయి, ప్రభువు లేస్తాడు. ఆమెకు చదివి వినిపించాను.

"మంచేటండీ? ఈ పిల్లలు ఎప్పుడు సూసినారు?" అంది. "మనకి ఈస్టరుకి అన్నీ సస్తాయి. గెడ్డలో నీరు ఎండిపోతాది, గడ్డి మాడిపోతాది. ఆయన లెగిసినా నేల లెగదు. రెండు నెల్లు ఆగాల. ఆ రెండు నెల్లూ ఊరికే నమ్మాల. అదే కష్టం."

పాఠం చింపి మళ్ళీ రాశాను.

ఈ వేసవిలో ఆమె గుండె జబ్బు ముదిరింది. శ్రీకాకుళం నుంచి వచ్చిన డాక్టరు నన్ను వీధిలోకి పిలిచి, ఎండ తగ్గితే కొన్నాళ్ళు నెట్టుకొస్తుందని, అంతకు మించి తన చేతిలో లేదని చెప్పారు. వాన కోసం ప్రార్థన పెట్టమని అడగడానికి నేను అయ్యగారి దగ్గరకు వెళ్ళాను. కట్టడి తెలిసే వెళ్ళాను. ఉప్పువాళ్ళను అడిగి చెబుతానన్నారు. ఆ సాయంత్రం ఆమె మేనమామ, మళ్ళలో అందరికంటే పెద్దవాడు, వచ్చి మంచం పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"అందరం ఒప్పుకున్నామే అమ్మీ. ఆదివారం వాన కోసం ప్రార్దన సేస్తారు."

"కుప్పలు కప్పేసినారేటి?"

"సగం అయినాయి. పోతే పోనీ. ఉప్పు పైయేడు వస్తాది."

"పైయేటిదాకా ఏటి తింటావు మావా? పళ్ళు కూడా లేవు, గాలి తింటావేటి?"

ముసలాయన నవ్వబోయి కళ్ళు తుడుచుకున్నాడు. ఆమె నా వైపు తిరిగింది.

"మీరేనా వెళ్ళి అడిగినారు?"

అవునన్నాను.

"నా పేరు సెప్పి వాన అడగొద్దు. సర్చిలో ఎవురూ అడగొద్దు. మీరు ఇంట్లో కూడా అడగొద్దు."

సరేనన్నాను. మాట నిలబెట్టుకోలేదు. రోజూ పొయ్యి ముందు ఆమెకు గంజి కాస్తూ అడిగాను. సగం కుప్పలు ఇంకా బయటే ఉన్నాయని తెలిసి అడిగాను. మేఘాలు ఎలా కడతాయో పిల్లలకు నల్లబల్ల మీద బొమ్మ గీసి చెప్పేవాణ్ణి, పొగలో కూర్చుని అడిగాను.

వాన పడలేదు. తొమ్మిదో రోజు మధ్యాహ్నం మేనమామ వీధిలోంచే కేకేశాడు. "అన్నీ కప్పేసినామే అమ్మీ! అయిపోనాది!" విసనకర్ర ఆపి ఆమె మీదికి వంగాను. ఆ కేక ఆమె విన్నదో లేదో నాకు తెలియదు. ఎవరూ చెప్పలేరు కూడా.

గునపాలు దిగని నేల. ఉప్పువాళ్ళూ రైతులూ వంతులేసుకుని ఆమెకు గొయ్యి తవ్వారు. ఆదివారం సంఘమంతా వాన అడిగింది. నేను నోరు తెరవలేదు. బుధవారం పడింది. ప్రార్థన ఫలించిందని సంతోషించారు. వాళ్ళ సంతోషం న్యాయమైనదే. గట్ల మీద గడ్డి మొలుస్తోంది, ఆకుమళ్ళలో నారు పోస్తున్నారు. నేల లేచింది. ఆమె చెప్పినట్టు నేను ఆగలేకపోయాను, నమ్మలేకపోయాను. నమ్మకం పోయిందని మాత్రం అనను. ఇంట్లో చాలా వస్తువుల్లాగే, దాన్ని ఆమె ఎక్కడ పెట్టిందో తెలియడం లేదు.

వాన మొదలైన మర్నాడు సమాధుల దొడ్డికి వెళ్ళాను. కొత్త మట్టి కుంగి, నడుమ నీళ్ళు నిలిచాయి. మోకాళ్ళ మీద కూర్చుని దోసిళ్ళతో తోడిపోశాను. వాన కురుస్తూనే ఉంది. నేను తోడినంతా మళ్ళీ నిండింది.