దారి తప్పే గెన్జిరో

గెన్జిరో బాబాయికి మా ఊరు కంఠోపాఠం. కళ్ళకు గంతలు కట్టి వదిలినా తిన్నగా సారాకొట్టుకు చేరగలడు. అలాంటి మనిషి ఏడాదికి ఒక్కరోజు, తెల్లపక్షి గుడి పల్లకి ముందు విసనకర్ర పట్టుకుని దారి చూపుతూ నడిచే పండగ రోజున, తప్పకుండా దారి తప్పుతాడు.

ఆ పల్లకిలో ఉన్నది సామాన్యుడా! కత్తి చేతబట్టి తూర్పుదేశాలన్నీ జయించి, చివరికి తెల్లపక్షై ఎగిరిపోయిన యమాతో తకేరు రాకుమారుడు. అంతటి వీరుణ్ణి మా బాబాయి ఒక ఏడాది చేపల సందులో ఇరికించాడు. ఇంకో ఏడాది ముల్లంగి తోటలో దింపాడు.

"ఏవయ్యా, గుడి ఎటు, నువ్వెటు?" అని మోసేవాళ్ళు గోలపెడితే, "నన్నంటారేం? ప్రభువే ఇటు లాగారు. ఆయనకి మొదట్నించీ కాలు నిలవదు" అనేవాడు.

ఈ ఏడు గుడి పెద్ద హొరికావాగారికి ఓపిక నశించింది. "ఈసారి దారి తప్పావో, విసనకర్ర ఇంకొకడి చేతికిస్తా!" అన్నారు అందరి ముందూ. తాతల నాటినుంచీ బాబాయి వాళ్ళింటి మనిషే పల్లకి ముందు నడుస్తున్నాడు. పాపం, బాబాయి ముఖం చిన్నబోయింది.

ఈ ఏడే మా అమ్మ మంచం పట్టింది. పండగ రోజు కిటికీ తెరిపించుకుని డప్పు వింటూ, "ఈ మూల సందులోకి పల్లకి ఎందుకొస్తుందిలే" అంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

డప్పు దగ్గరైంది. ఇంకా దగ్గరైంది. చూద్దును కదా, చెమటలు కక్కుతూ మోసేవాళ్ళు, మా కిటికీ ముందు పల్లకి, దాని ముందు గెన్జిరో బాబాయి!

"అయ్యయ్యో, మళ్ళీ తప్పాను! ఇదెవరిల్లండీ?" అన్నాడు, మా పక్కింట్లోనే పుట్టి పెరిగిన మహానుభావుడు.

చేపల సందులో కాళ్ళు పడిపోయిన ముసలాయన, ముల్లంగి తోట వెనక పచ్చి బాలింత నాకప్పుడు గుర్తొచ్చారు.

హొరికావాగారు మండిపడుతూ వచ్చి, మంచం మీంచే, గుళ్ళో కొట్టినట్టే రెండు చప్పట్లు కొట్టి దణ్ణం పెడుతున్న అమ్మను చూసి ఆగిపోయారు.

"గుడికా, బాటసారిగారూ?" అంది అమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "సందు చివర ఎడమకి తిరగండి."

గుడి కుడివైపు. ఎడమవైపున్నది తుంటి విరిగి పడున్న హిసానో అవ్వ ఇల్లు. ఆ సంగతి హొరికావాగారికీ తెలుసు.

ఆయన గొంతు సవరించుకున్నారు.

"విన్నావుగా! ఆ విసనకర్ర తిన్నగా పట్టుకుని ఎడమకి నడు" అన్నారు.