నోరు పెద్ద లెన్సు

మొన్న మా బావగారి మనవరాలు ఫోను చేసి, "చిన్న మామ్మా, తెల్లవారుజామున గోదావరి మీద తాతయ్య తీసిన ఫోటో ఉంది కదా, అలాంటిది తీయాలి. దూరంగా ఉన్నవి దగ్గరగా చూపించే లెన్సుల్లో ఏది కొనమంటావు?" అని అడిగింది. తాతయ్య తీసిన ఫోటోట! వయసు మీద పడితే పగలు చల్లారతాయంటారు గానీ, ఆ మాట వింటే నాకు ఇప్పటికీ కడుపులో కారం పోసినట్టే ఉంటుంది.

నేను ఐదో తరగతితో చదువాపి, నిడదవోలులో ఫోటో స్టూడియో ఉన్న ఇంటికి కోడలిగా వచ్చాను. మా ఆయనా, వారి అన్నగారూ కలిసి నడిపేవారు. మన ఈడు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో బావగారి ఎదుట పడేవాళ్ళం కాదు, ఏం చెప్పాలన్నా తలుపు చాటు నుంచే. చీకటిగదిలో ఫోటోలు కడగడానికి మాత్రం నా చేతులే కావాల్సి వచ్చేవి, కడుగుతూ కడుగుతూ ఏ లెన్సు ఏం చేస్తుందో నాకు తెలిసిపోయింది. పొడుగు లెన్సు దూరాన్ని ఎంత దగ్గరికి లాగుతుందో, వణుకునీ అంత పెద్దది చేస్తుంది. వెలుగు చాలని వేళ లెన్సుకి నోరు పెద్దదిగా ఉండాలి, ఆ వెడల్పాటి గాజులోంచి ఉన్న కాస్త వెలుతురూ గబగబా లోపలికి దిగుతుంది.

ఒక ఏడు మండపేట రైసుమిల్లు షావుకారుగారు తమ క్యాలెండరుకి తెల్లవారుజాము గోదావరి కావాలన్నారు. సరిగ్గా అప్పుడే మా ఆయనకి జ్వరం, బావగారేమో పెళ్ళి ఫోటోలకి వెళ్ళారు. మా ఆయన చెప్పగా అత్తగారిని తోడు తీసుకుని కొవ్వూరు రేవుకి వెళ్ళి, ఆవిడ మెట్ల మీద కూర్చుని చలికి వణుకుతూ నన్ను తొందరపెడుతుంటే, పొట్టిదైనా నోరు పెద్ద లెన్సు వేసి, మంచులోంచి దీపంతో వస్తున్న ఇసక పడవని నేనే తీశాను. క్యాలెండరు వచ్చింది, కింద బావగారి పేరుంది. మా ఆయన చేత అడిగిస్తే, బావగారు వీధరుగు మీద పదిమందీ వినేలా నవ్వి, "కెమెరా పట్టుకున్న ప్రతి ఆడదీ ఫోటోగ్రాఫరైతే, ఇంట్లో గరిటె పట్టుకునేదెవర్రా?" అన్నారు. మా ఆయన తల దించుకున్నారు. నేను ఆ మాటని కొంగున ముడి వేసుకున్నాను.

మరుసటి ఏడు షావుకారుగారు మళ్ళీ అడిగారు. అప్పటికి బావగారు మద్రాసు నుంచి మూరెడు లెన్సొకటి తెప్పించుకున్నారు, నోరేమో చిన్నది. బయలుదేరబోతూ అదీ, పాత నోరు పెద్ద లెన్సూ బల్ల మీద పెట్టుకుని, మా ఆయన ఊళ్ళో లేకపోవడంతో, తలుపు వైపు చూడకుండానే, "అమ్మాయ్, పోయినేడు ఏది వేశావమ్మా?" అన్నారు. ఒక్క మాట చెబితే సరిపోయేది.

"గరిటె పట్టుకునేదాన్ని, నాకేం తెలుస్తుందండీ బావగారూ! పెద్దది పెద్దవారి చేతికే అందమండి" అన్నాను. ఆయన మురిసిపోయి మూరెడుదే పట్టుకెళ్ళారు.

ఆ రీలు నేనే కడిగాను, అంత శ్రద్ధగా జన్మలో ఏదీ కడగలేదు. నోరు చిన్నది కాబట్టి వెలుతురు కోసం ఎక్కువసేపు తెరిచి ఉంచాల్సి వచ్చి, స్టాండు మీద పెట్టినా రేవుగాలికి ఆ పొడుగు లెన్సు ఊగి, ముప్ఫై ఆరు ఫోటోల్లోనూ పడవ అలికేసినట్టు సాగిపోయింది. ఒక్కటీ దాచకుండా అన్నీ ముందుగదిలో తీగకి వేలాడదీయించాను. షావుకారుగారు వచ్చి అన్నీ చూసి, "పోయినేడు తీసిన చెయ్యి ఇది కాదండీ" అనేసి, చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. బావగారి మెడ ఎర్రబడటం తలుపు సందులోంచి కళ్ళారా చూశాను, ఆ పూట అన్నం తినకపోయినా నాకు కడుపు నిండిపోయింది. పేరు మాత్రం మారలేదు. ఆయన పాత క్యాలెండరుకి అద్దం కట్టించి గోడకి పెట్టుకున్నారు, ఆయన పోయాక పిల్లలూ దాన్ని దించలేదు.

అందుకే మొన్న, మూరెడు లెన్సే కొనుక్కోవే అని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ పిల్ల తాతలా గోడకేసి చూస్తూ అడగలేదు, నన్ను నోరారా పిలిచి అడిగింది. నోరు పెద్దదే కొనమని చెప్పాను. ఇప్పుడు రేవుల్లో తెల్లవార్లూ లైట్లే, దీపంతో వచ్చే ఆ పడవలూ లేవు, ఎంత మంచి లెన్సు కొన్నా దానికి ఆ చీకటి ఎక్కడ దొరుకుతుందో నాకు తెలియదు.

ఆ తరవాత, ఆ ఫోటో మీ తాతయ్య తీసింది కాదే అన్నాను. "మరెవరు తీశారు మామ్మా?" అంది.

అప్పుడు చూసుకున్నాను, ఫోను పట్టుకుని వంటింటి తలుపు చాటునే నిలబడి ఉన్నాను. ముందుగదిలోకి వచ్చి, వాలుకుర్చీ లాక్కుని కూర్చుని, చెప్పడం మొదలుపెట్టాను.