కోతపండక్కి ఇచ్చేసిన తెల్లెలుకలు

ఆ రోజుల్లో నా కుడిచేతి వేళ్ల మీది గాట్లు చూసినవాళ్లు ఈ పిల్లకు కుట్టుమిషను నేర్పిస్తున్నారేమో అనుకునేవాళ్లు. అసలు సంగతి వేరు. కర్నూల్లో పనిచేసే మా చిన్నాయన మైదుకూరులో మా ఇంటికి వస్తూ వస్తూ అట్టపెట్టెలో రెండు తెల్లెలుకలు తెచ్చి నా చేతిలో పెట్టాడు. దూది ఉండల్లా ఉన్నాయి కదా అని ముద్దుపెట్టుకోబోతే ఒకటి ముక్కు మీద కరిచింది. రెండోది సాయంత్రం దాకా ఆగి బొటనవేలు కరిచింది. అమ్మ వాటికి పెద్దకాటు, చిన్నకాటు అని పేర్లు పెట్టేసింది. (నేను పెట్టినవి మల్లి, జాజి. ఎవరూ పిలవలేదు, చివరికి నేను కూడా.)

మాది శెనక్కాయలు పండించే ఇల్లు. "ఏడాది పొడుగునా నేను ఎలుకల్తో కొట్లాడతాంటే, నువ్వు వాటికి కూడు పెట్టి సాకుతాండావా పాపా?" అనేవాడు నాయన. అంటూనే ఒక పాత ప్లాస్టిక్ తొట్టి వెతికి, పైన జాలీ బిగించి ఇచ్చాడు. రోజూ బడికి పోయేముందు తడిసిన కాగితాలు తీసి కొత్తవి చింపి వేయడం, జొన్నలూ నీళ్లూ పెట్టడం నా పని. కరవడం వాటి పని. చిన్నాయనకు ఫోన్ చేస్తే, "పట్టుకోవాకు. చెయ్యి ఊరికే లోపల పెట్టి కూచో, అవే వస్తాయి" అన్నాడు. వచ్చాయి. కరిచాయి.

ఒకరోజు నేను బడికి పోయినప్పుడు నీళ్లు పెట్టబోయిన అమ్మ వేలును రక్తం వచ్చేట్టు కరిచాయి. అమ్మ గాయానికి పసుపు అద్దుకుంటూ, "ఈతూరి కోతపండక్కి కోడి లేదు ఏం లేదు, వీటినే ఇచ్చేస్తా. దేవుడు చేసిన జీవాలు, దేవుడే సాక్కుంటాడు" అంది. కోతపండుగ నాడు మా చర్చికి రైతులు గుమ్మడికాయలు, కోళ్లు, శెనక్కాయ మూటలు తెస్తారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. ఎలుకలు ఇచ్చినవాళ్లు మాత్రం అంతకుముందు లేరు.

ఇక నా కాపురం తొట్టి దగ్గరే. ఒక చేత్తో పుస్తకం, రెండో చెయ్యి లోపల. అలా చదువుకుంటూ ఉంటే ఓ సాయంత్రం పెద్దకాటు అరచేతిలోకెక్కి, మూతి తుడుచుకుని, నిద్రపోయింది. దాని వెనకే చిన్నకాటు. చెయ్యి కదపకుండా అమ్మను పిలిచాను. అమ్మ పరీక్షగా వేలు చాపింది. కరిచాయి! నన్ను తప్ప అందరినీ కరుస్తాయన్నమాట. నాకు గర్వంతో పాటు ధైర్యం కూడా వచ్చింది. వేలంలో పట్టుకున్నవాళ్లను కరుస్తాయి, ఎవరూ కొనరు, పొద్దుగూకేలోగా మా ఇంటికే వస్తాయి.

గుమ్మడికాయల తర్వాత మా తొట్టి వంతు వచ్చింది. వేలం పాడించే మీసాల సంఘపెద్ద, "ఇదేం పంటప్పా?" అని నవ్వుతూ లోపల చెయ్యి పెట్టాడు. నేను కళ్లు మూసుకుని ప్రార్థించాను. (ఒక మనిషిని కరిపించమని దేవుణ్ణి అడిగింది నా జన్మలో అదొక్కసారే.) అరుపేమీ వినపడలేదు. కళ్లు తెరిస్తే రెండూ ఆయన అరచేతిలో పెళ్లిచూపులకు వచ్చినట్టు ఒద్దికగా కూర్చుని ఉన్నాయి. "చూడండప్పా, ఎంత సాధు జీవాలో!" అన్నాడాయన. పిల్లలంతా ఎగబడ్డారు. చివరికి పాస్టరయ్య భార్య, మేం అమ్మగారు అని పిలిచే ఆమె, వేలం పాడి తీసుకున్నారు. దారిపొడుగునా ఏడ్చాను. "ఇంత బుద్ధిగా ఉంటాయని నాకేం తెలుసు పాపా" అంటూ అమ్మ కొంగుతో నా మొహం తుడిచింది.

తర్వాతి ఆదివారం ఆరాధన అవగానే వాళ్లింటికి పరుగెత్తాను. "పట్టుకో, భయపడాకు. కరిచేవి కావు, శానా మంచివి" అన్నారు అమ్మగారు. చెయ్యి పెట్టాను. పెద్దకాటు వచ్చి, వాసన చూసి, తీరిగ్గా కరిచింది. వేలు గౌను మడతల్లో దాచుకుని, "అవునమ్మగారూ, శానా మంచివి" అన్నాను.

ఇంటికి నడుస్తుంటే చిత్రంగా ఏడుపు రాలేదు. నన్ను గుర్తుపట్టింది, విడిచిపెట్టానని అలిగింది, అందుకే కరిచింది అని తేల్చుకుని ఆ వేలును అపురూపంగా చూసుకున్నాను. వారం తిరిగేసరికి దానికి నేనెవరో గుర్తే లేకపోయి ఉంటుందని ఇప్పుడు తెలుసు. కానీ గౌనులో వేలు దాచుకుని నవ్వుకుంటూ పోతున్న ఆ పిల్లతో ఆ మాట చెప్పడానికి నాకు ఈనాటికీ మనసొప్పదు.