గ్యారంటీ కార్డుకి పెట్టిన బొట్టు

తెనాలి కుట్టుమిషన్ల షాపాయన పోయాడు. మొన్న రేపల్లె రైల్లో పక్కన కూర్చున్నావిడ మాటల మధ్యలో అనేసింది. "అదేంటమ్మా, నాతో పోట్లాట తేలకుండా ఎట్లా పోతాడు?" అన్నాను. పెట్టెలో అందరూ నావైపు తిరిగారు.

నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. ఎక్కడా మెత్తబరచకుండా రాయమన్నాను. ఆ మనిషిని నేను మెచ్చుకోవడం ఇదే మొదలు మరి.

రేపల్లెలో మా వీధికి ఇంకా కరెంటు రాని రోజులు. మా ఆయన మంచాన పడ్డాడు. ఇల్లు గడవాలంటే నేను జాకెట్లు కుట్టాలి. అప్పుడు కొన్నాను ఆ తొక్కుడు మిషను. షాపాయన ఒక అట్ట కాగితం చేతిలో పెట్టి, "పదేళ్ళ గ్యారంటీ అక్కగారూ. ఏది పాడైనా కంపెనీదే పూచీ. ఇది మాత్రం జాగ్రత్త" అన్నాడు. ఎంత జాగ్రత్తగా చూసుకున్నానంటే, ఏటా దసరాకి మిషనుకి పసుపు రాసి బొట్టు పెట్టినప్పుడు కార్డుకీ పెట్టేదాన్ని. పైన పెద్ద అక్షరాలున్న చోట, దేవుడి నుదుట పెట్టినట్టు.

నాలుగో ఏడు మిషనులో కింది దారం పట్టే షటిల్ విరిగింది. పెళ్ళిళ్ళ రోజులు. కృష్ణ అవతలి నుంచి పెనుమూడి రేవు దాటి వచ్చినవాళ్ళు కూడా గుడ్డలిచ్చి వెళ్ళారు. కార్డు పట్టుకుని తెనాలి రైలెక్కాను. షాపాయన తల గోక్కున్నాడు.

"కంపెనీ మూతపడిందక్కగారూ. మద్రాసులో ఇప్పుడు తలుపు తీసే దిక్కు లేదు. ఆ షటిల్ వాళ్ళు చేసిందే పడుతుంది, ఇంకోటి పట్టదు."

"పదేళ్ళన్నావు. నాకింకా ఆరేళ్ళున్నాయి."

"నేను కాదండీ, కంపెనీ అంది."

"కంపెనీ మొహం నేను చూశానా? నీ మొహం చూసి కొన్నాను. అది ఇక్కడే ఉందిగా!"

మర్నాడు బాపట్ల వెళ్ళి ప్లీడరుగారి ముందు కార్డు పెట్టాను. ఆయన అటూ ఇటూ తిప్పి పకపకా నవ్వాడు. "ఏంటమ్మా ఇది! కంపెనీ పేరంతా పసుపు కుంకాల్లో కలిసిపోయింది. కింద షాపు ముద్ర, షాపాయన సంతకం, అంతే మిగిలాయి."

"అయితే నా పని అయిపోయినట్టేనాండి?"

"మూతపడ్డ కంపెనీ మీద దావా వేసి నువ్వు సాధించేదేమీ లేదు. కానీ అమ్మినాయన ముద్ర వేశాడు కదా, ఆయన్ని అడిగే హక్కు నీకుంది. కోర్టు సంగతి తర్వాత. ముందు వెళ్ళి గట్టిగా అడుగు."

అడిగాను. షాపు గుమ్మానికి అడ్డంగా కూర్చుని, వచ్చిన ప్రతివాళ్ళకీ కార్డు చూపించి "దీని మీద ఎవరి పేరుందో కాస్త చదివి పెట్టండి బాబూ" అన్నాను. పాపం, అందరూ పైకే చదివారు. మధ్యాహ్నానికి షాపాయన సోడా తెప్పించి నా చేతికిచ్చాడు.

"గ్యారంటీకి బొట్టు పెట్టిన మనిషిని ఇన్నేళ్ళలో చూళ్ళేదు. సరే, ముద్ర నాదే కదా. మద్రాసులో వెతికించి తెప్పిస్తాను."

మూడో రోజుకి తనే రేపల్లె వచ్చాడు, షటిల్ చేతిరుమాల్లో చుట్టుకుని. బిగించి, మిషనుకి చెవి ఆనించి విన్నాడు. "ఊఁ, పలికింది" అన్నాడు. కాఫీ ఇస్తే సగమే తాగాడు. "మిగతా సగం వచ్చే రిపేరుకి" అన్నాడు. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు వచ్చాడు. రెండుసార్లూ సామాను మద్రాసుదే, చెవి ఆనించడం మామూలే, కాఫీ సగమే.

ఆయన షాపు అద్దాల బీరువాలో నా మిషనుకి తోడబుట్టినట్టు ఒకటుండేది, ఒంటినిండా బంగారు రంగు పువ్వులతో. "కంపెనీ పోయాక కూడా దాన్నెందుకయ్యా పెట్టుకున్నావు, ఫొటోకి దండ వేసినట్టు?" అనేదాన్ని. "అది అమ్మకానికి కాదులెండి" అని మాట మార్చేవాడు.

పదేళ్ళూ నిండాక వెళ్ళి, "ఇక నీకు నా పీడ వదిలింది" అన్నాను. "పోట్లాటకి గడువేంటక్కగారూ, వస్తూండండి" అన్నాడు. మానలేదు నేను. దారం తెగుతోందనో, నూనె చిక్కగా ఉందనో ఏదో ఒక వంక.

రైల్లో కబురు విన్న మర్నాడే పలకరించడానికి వెళ్ళాను. ఆయన భార్య నన్ను చూసి, "గ్యారంటీ అక్కగారా?" అని ఏడుపులోనే నవ్వింది. షాపులోకి తీసుకెళ్ళి బీరువా తెరిచి, ఆ మిషను తల వెనక్కి వంచి చూపించింది. లోపలంతా ఖాళీ.

"మద్రాసూ లేదు, ఏమీ లేదు. మీకొచ్చినవన్నీ ఇందులోవే. అమ్ముకోవాల్సిన మిషను ఇట్లా విప్పేస్తారేంటంటే, ముద్ర నాదే కదా అనేవారు. ఎప్పుడైనా మీకే పనికొస్తాయని మిగతావి కూడా విప్పి డబ్బాలో పెట్టారు. అవీ, ఈ చక్రం కూడా పట్టుకెళ్ళండి."

 "ఉండనీ తల్లీ, నాది బాగానే తిరుగుతోంది" అన్నాను.

సంచిలోంచి కుంకం పొట్లం తీసి ఆ మిషనుకి బొట్టు పెట్టాను. చక్రం మీద చెయ్యేసి ఒక్క తిప్పు తిప్పాను. లోపల పట్టి ఆపేదేమీ లేదు కదా, చప్పుడు లేకుండా చాలాసేపు తిరిగింది.