మా అత్త చూసిన నాలుగో కథ

మా ఆయన ఫోనులో పెట్టిన స్టేటస్ ఒక రోజు ఉండి పోయింది. "అమ్మలకూ మనసుంటుంది. ప్రతి కొడుకూ చూడాల్సిన సిరీస్" అని రాసి, కింద రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు. దాన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది.

ఈ వేసవిలో విత్తనం కాయలు వలిచే రోజుల్లో మొదలైంది ఇదంతా. మా ఊరు లేపాక్షికీ చిలమత్తూరుకూ మధ్య. నూనెకైతే వేరుశెనక్కాయల్ని మిషన్లో వేస్తారు గానీ, విత్తనానికి మాత్రం చేత్తోనే వలవాలి. మిషన్లో గింజ మొన దెబ్బతింటే మొలవదు. అందుకని వానలకు ముందు ఆడవాళ్ళు ఏదో ఒక ఇంట్లో చేరి, తలా ఒక బుట్ట ముందు పెట్టుకుని కూర్చుంటారు. ఈసారి మా ఇంట్లో పెద్ద టీవీ ఉందని మా ఇంటికే వచ్చారు. నేను హిందూపురంలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాను. సెలవుల్లో ఉన్నాను. ఆ సిరీస్ పెట్టింది నేనే.

నాలుగు కథలు. హాస్టల్లో ఉండే పందొమ్మిదేళ్ళ పిల్ల. విడాకులు తీసుకున్న ముప్పై రెండేళ్ళ ఉద్యోగిని. పక్క ఫ్లాటాయనతో నాలుగు మాటలు మాట్లాడటం కోసం రోజుకు నాలుగుసార్లు మొక్కలకు నీళ్ళు పోసే నలభై అయిదేళ్ళ ఇల్లాలు. చివరిది అరవై ఏళ్ళ వితంతువు. ఒక్కొక్కరికీ ఒక ప్రేమ.

రెండో కథలో మా పక్కింటి అవ్వకు ఒకటే అనుమానం. "ఈయమ్మి ఇంట్లో బోకులు ఎవరు తోముతారప్పా? ఎప్పుడు చూసినా ఒక్క చెంబన్నా ఎంగిలి ఉండదే!"

మూడో కథకు ఇంకా కోపం వచ్చింది ఆమెకు. "ఆ చెట్లకు అన్ని నీళ్ళు యాలనే? మన చేనికి పోసింటే ఒక పంటన్నా చేతికొచ్చుండు."

ఇక నాలుగో కథ. చివర్లో ఆ వితంతువును కొడుకే కారులో కూర్చోబెట్టుకుని రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకుపోతాడు. మధ్యాహ్నం అంగడి నుంచి అన్నానికొచ్చిన మా ఆయన గడపలోనే నిలబడి చూసి, కళ్ళు తుడుచుకున్నాడు. అప్పుడే అవ్వ మా అత్త బుట్టలోకి తొంగి చూసింది.

"ఏమ్మే, ఈసారి పొట్టు విత్తుతావా?"

మా అత్త గింజల్ని చాప మీద పారేసి, పొట్టును బుట్టలో వేస్తోంది. ఎప్పటినుంచి వేస్తోందో తెలియదు, బుట్టలో సగం పొట్టే. అందరం పడీ పడీ నవ్వాం. అత్త కూడా నవ్వి, బుట్టను బోర్లించి మళ్ళీ ఏరుకుంది.

మా ఆయన పదో తరగతిలో ఉండగా మా మామ పోయాడు. ఆ తర్వాత అత్త పదకొండేళ్ళు పొద్దుటి బస్సెక్కి చిలమత్తూరు పోయి, ఆడపిల్లల హాస్టల్లో వంట చేసి కొడుకును చదివించింది. ఇప్పుడామెకు యాభై నాలుగు.

సిరీస్ అయిపోయిన నాలుగో రోజు, అన్నం తింటూ ఉండగా కొడుకుతో చెప్పింది.

"అప్పా, చిలమత్తూరు బస్సు కండక్టరు ఉండె చూడు, రిటైరై ఇంటికాడ ఉండాడు. భార్య పోయింది. ఆయప్ప నన్ను చేసుకుంటానంటాండాడు. నాకూ ఇష్టమే. నీకు చెప్పకుండా పోయేది బాగుండదని చెప్తాండా."

గ్యాసు అయిపోయిందని చెప్పినంత మామూలుగా చెప్పింది. మా ఆయన ముందు నవ్వాడు. తర్వాత ఆమె నవ్వడం లేదని గమనించాడు.

"ఆ టీవీ చూసి మతి పోయిందా ఏమ్మా నీకు?"

"మతి పోయేకి టీవీ కావల్లా? మూడేండ్లాయ ఆయప్ప అడగబట్టి."

"అంగడికాడ నా మొగం యాడ పెట్టుకోవల్ల?"

"ఇప్పుడు యాడుండాదో ఆడనే పెట్టుకో."

నేను ఉండబట్టలేక, "మరి ఆ పొద్దు స్టేటస్ పెట్టినావే?" అన్నాను.

"అది కథ. ఇది మన ఇల్లు," అన్నాడు. అని, నా వైపు తిరిగాడు. "నువ్వే చెప్పు. అమ్మ పోతే పాపను ఎవరు చూసుకుంటారు?"

మా పాపకు రెండున్నరేళ్ళు. జ్వరం ఎక్కువైతే ఫిట్స్ వస్తాయి. మొదటిసారి వచ్చినప్పుడు నేను అరుచుకుంటూ వీధిలోకి పరిగెత్తాను. లోపల అత్త ఒక్కతే పాపను పక్కకు తిప్పి పడుకోబెట్టి, మెడ దగ్గర గుడ్డ వదులు చేసి, గోడ గడియారం చూస్తూ కూర్చుంది. తర్వాత డాక్టరు కూడా అలాగే చేయాలని చెప్పాడు. అత్త ఇంట్లో ఉంది కాబట్టే నేను బడికి పోగలుగుతున్నాను. ఇది రాయడానికి కూర్చున్న తర్వాత కూడా రెండుసార్లు లేచి పాప నుదురు ముట్టుకుని వచ్చాను.

"నువ్వేమంటావమ్మీ?" అంది అత్త. నిజంగానే అడిగింది.

"పాప బడికి పోయేదాకా ఆగు అత్తా. రెండేండ్లే."

"అట్లనే లే," అంది. తట్ట తీసుకుని కడగడానికి పోయింది.

ఏడ్చి ఉంటే బాగుండేది. తిట్టి ఉంటే ఇంకా బాగుండేది. అంత తేలిగ్గా ఒప్పుకునేసరికి, ఆమె ఎన్నిసార్లు ఎంతమందికి "అట్లనే లే" అని ఉంటుందో అనుకున్నాను. నాలుగో కథ చూసి, దీన్ని కాలేజీ పిల్లలందరికీ చూపించాలని నలుగురిలో ఉపన్యాసం ఇచ్చినదాన్ని నేను. అదే కథ నా ఇంట్లోకి వచ్చి అన్నం తింటూ కూర్చుంటే, నేను మొదట చూసుకున్నది నా బడి టైము. ఆ సిరీస్ తీసినవాళ్ళ మీద కూడా కోపం వచ్చింది. ఆ నలుగురు ఆడవాళ్ళలో ఒక్కరి చంకలోనైనా బిడ్డ లేదు. ఆ అరవై ఏళ్ళామె కారెక్కుతుంటే వెనక నుంచి ఏ మనవరాలూ కొంగు పట్టుకుని ఏడవలేదు. పక్కింటి అవ్వ బోకుల గురించి అడిగినప్పుడు నవ్వాను గానీ, సరిగ్గా అడిగింది ఆమె ఒక్కతే.

దాని తర్వాత వారానికి, మా ఆయన పెరట్లో ఫోన్లో మాట్లాడుతుంటే విన్నాను. అవతల ఉన్నది కండక్టరు.

"నాకేం లేదన్నా. మా ఇంట్లో ఆడోళ్ళకే ఇష్టం లేదు. చదువుకున్న కోడలే వద్దంటాండాది."

ఆరేసిన గుడ్డలు తీస్తున్నదాన్ని అక్కడే పారేశాను. "నేనెప్పుడు వద్దన్నాను?"

"ఆగమంటివి కదా. రెండూ ఒకటే."

నాకు ఇంకా మంట ఎక్కించింది ఏమిటంటే, అతను చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. నా భయాన్ని నేనే తీసి అతని చేతికిచ్చాను. అతను దాన్ని తలుపుకు గడియగా పెట్టుకున్నాడు.

"పాపకు ఫిట్స్ వస్తే ఏం చేయల్ల, చెప్పు," అన్నాను.

"ఆస్పత్రికి తీసుకపోవల్ల."

"దానికి ముందు?"

ఆలోచించాడు. "బీగాల గుత్తి చేతిలో పెడతారు కదా?"

రెండున్నరేళ్ళ పాపకు తండ్రి! ఇన్నాళ్ళూ ఎందుకు తెలుసుకోలేదంటే, "అమ్మ ఉండాది కదా" అన్నాడు. నేను అక్కడే ఒక దుప్పటిని బిడ్డంత మూటగా చుట్టి అతని ఒళ్ళో పెట్టాను. పక్కకు తిప్పి పడుకోబెట్టమన్నాను. వెల్లకిలా పెట్టాడు. మళ్ళీ పెట్టించాను. మూడుసార్లు. "నోట్లో ఏం పెట్టద్దు. గట్టిగా పట్టుకోవద్దు. గడియారం చూడు. అయిదు నిమిషాలు దాటితే బండి తీయి." మొహం మాడ్చుకుని చేశాడు గానీ, చేశాడు.

అత్తతో, "నా మాట వెనక్కి తీసుకుంటున్నాను, నువ్వు పో అత్తా," అన్నాను. ఆమె సంతోషపడుతుందనుకున్నాను. ఆమెకు కోపం వచ్చింది.

"నీ నోటితో ఆపినావు. ఇప్పుడు పొయ్యికాడ నా చెవిలో చెప్తే ఏమొచ్చె? ఆయప్ప మొగం మీద వచ్చి చెప్పు."

మొన్న ఆదివారం పాపను వాళ్ళ నాయనకు వదిలి, ఇద్దరం బస్సెక్కాం. పాపను నేనూ అత్తా ఇద్దరమూ వదిలి పోవడం అదే మొదటిసారి. జ్వరం కొలిచే పుల్ల ఎక్కడుందో గుమ్మంలో నిలబడి మూడుసార్లు చెప్పాను.

కండక్టరుగారిది రెండు గదుల ఇల్లు. మేం వస్తున్నామని ఉగ్గాని చేసి, మిరపకాయ బజ్జీలు వేయించి పెట్టాడు. నేను కూర్చోకుండానే చెప్పాను. "నేను ఇష్టం లేదనలేదు. నా బిడ్డకు ఏమన్నా అవుతాదని భయపడి ఆగమన్నాను. అట్ల అన్నింది తప్పు."

ఆయన కుర్చీ జరిపాడు. "దానికేముందిమ్మా. ముప్పై ఏండ్లు బస్సులో నిలబడే పోయినోణ్ణి. ఇంకో రెండేండ్లు నిలబడలేనా?"

"నిలబడేది నువ్వు," అంది అత్త. "నాకు కాళ్ళు నొస్తాయి. పెండ్లి వచ్చే నెలలోనే."

ఆయన ఏదో అనబోతుంటే నా ఫోను మోగింది. మా ఆయన. అప్పటికి అది మూడోసారి. వెనక పాప ఏడుపు, గుక్కపట్టి.

"ఊరుకోవడం లేదే. అమ్మకియ్యి."

అత్త ఆ ఏడుపు వినగానే చెయ్యి చాచింది. నేను ఫోను ఇవ్వలేదు.

"ఒళ్ళు కాలుతాందా?"

"ఏమో."

"చేయి పెట్టి చూడు."

కాసేపు ఏడుపు ఒక్కటే వినిపించింది. "లేదు. సల్లగనే ఉండాది," అన్నాడు.

"అయితే ఎత్తుకుని తిప్పు."

"ఇయ్యమ్మీ, వానికేం తెలుసు పాపం," అంది అత్త, నా మీద మండిపడుతూ.

"తెలుసుకోనీ అత్తా," అని పెట్టేశాను. ఫోనును సంచిలో అడుక్కు తోసేశాను. అత్త చెయ్యి కాసేపు అలాగే గాల్లో ఉండి, తర్వాత తట్టలోని బజ్జీ అందుకుంది.