క్యూ కర్రకు నూనె

మా బాపు సిరిసిల్లలో సాంచెలు నడుపుతాడు. మరమగ్గాలను మా ఊళ్లో అలాగే అంటాం. ఆయన లెక్కలో లోకంలో కదిలే ప్రతిదానికీ ఒకటే మందు, నూనె. తలుపు కిర్రుమంటే నూనె, సైకిల్ మొరాయిస్తే నూనె, నాకు దగ్గొస్తే గొంతుకు కూడా నూనే. అలాంటి మనిషికి స్నూకర్ ఆడే కూతురు పుట్టింది. నా ఖర్మ!

ఆట నేర్పింది మా మేనమామ. బస్టాండు వెనక ఆయనకు స్నూకర్ హాలుంది. ఇంటర్ అయ్యేసరికి అక్కడికొచ్చే మగపిల్లలందరినీ ఓడగొట్టాను. అప్పుడే కరీంనగర్‌లో రాష్ట్ర జూనియర్ జట్టుకు ఎంపిక పోటీలు పెట్టారు. బాపు ఒకటే మాటన్నాడు.

"గెలిస్తే ఆడుకో. ఓడితే ఆట బందు. వచ్చి కండెలు చుట్టు. మల్ల ఏడిస్తే ఇనను."

కండెలు చుట్టడమంటే సాంచెకు కావలసిన దారాన్ని చిన్న గొట్టాలకు ఎక్కించడం. మా వీధిలో చాలామంది ఆడవాళ్ల బతుకు దాంతోనే తెల్లారుతుంది. నాకు ఆ పని తలచుకుంటేనే ఏడుపొచ్చేది.

పోటీకి ముందురోజు దసరా, పనిముట్లకు పూజ. సాంచెలకు, కత్తెరలకు, ఆఖరికి సుత్తికి కూడా బొట్టు పెట్టారు. "గిది గూడ పనిముట్టే గద" అని అవ్వ నా క్యూ కర్రను కూడా అక్కడే పెట్టి, కొననిండా పసుపు పూసింది. తెల్లారి పైపైన తుడిచేసి, బాపుతో కలిసి బస్సెక్కాను.

నాకు ఎదురుగా ఆదిలాబాద్ పిల్లగాడు. నల్ల కోటు, మెడకు బో, అచ్చం పెళ్లికొడుకే. నేను మొదటి దెబ్బ కొట్టగానే కర్ర సర్రున జారింది. కొనకు సుద్ద రాస్తే ముద్దయి కూర్చుంది. తెల్లబంతి మీద పచ్చని జిడ్డు. రిఫరీ తన తెల్ల చేతితొడుగులతో తుడిచాడు. నేను మళ్లీ కొట్టాను, ఆయన మళ్లీ తుడిచాడు. చివరికి ఆ తొడుగులే పసుపయ్యాయి.

"సార్, జర చెప్పుండ్రి. బల్ల మీద పసుపు బాల్ ఒకటా, రెండా?" అన్నాడు పెళ్లికొడుకు.

మొదటి ఆట పోయింది. విరామంలో బాపు నా దగ్గరికొచ్చి, అటూ ఇటూ చూసి, జేబులోంచి సాంచెల నూనె డబ్బా తీశాడు.

"ఇటియ్యి బిడ్డ. పొద్దుగాల కొనకు పోసింది సరిపోనట్టుంది. ఇంకో రెండు సుక్కలు పోస్తే సక్కగ ఉరుకుతది."

"నూనె పోసినవా!"

"పొయ్యనా మరి? ఊకెనే ఉరుకుతదా గది?"

"అయ్యో బాపు! గది జారొద్దు, బంతిని పట్టాలె! గందుకే సుద్ద రాసేది! కొంప ముంచినవు గదనే!"

హాలంతా వినబడేలా అరిచాను. బాపు మొహం వాడిపోయింది. డబ్బా మూత పెట్టి, మెల్లగా జేబులో వేసుకున్నాడు. మిగతా ఆట హాలువాళ్ల కర్రతో ఆడాను. అదేమో కుక్కతోక. ఓడిపోయాను.

నేను మూలన నిలబడి ఏడుస్తుంటే బాపు తిన్నగా రిఫరీ దగ్గరికి వెళ్లాడు.

"సారూ, నూనె పోసింది నేను. పిల్లకు ఎరుకలేదు. ఓడినట్టు నా పేరు రాసుకోండ్రి."

"అట్ల ఉండదు పెద్దమనిషీ. ఆడినోళ్ల పేరే రాస్తం."

"అయితే నేనే ఆడిన్నని రాయుండ్రి!"

రిఫరీ రెండు చేతులతో తల పట్టుకున్నాడు. ఆయన నుదుటికీ పసుపంటింది. ఎంత ఏడుపులో ఉన్నా నాకు నవ్వాగలేదు.

మాట అంటే మాటే కదా. మర్నాడు పొద్దున్నే మొహం కడుక్కుని సాంచెల షెడ్డుకు వెళ్లాను. కండెలు చుట్టే ఆడవాళ్ల మధ్య బాపు కూర్చుని ఉన్నాడు. ఆ మొద్దు వేళ్లకు దారం తెగిపోతూ ఉంది, వాళ్లు కొంగులు నోటికడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు.

"గిదేంది బాపు? గీడ గూసున్నవు?"

ఆయన తలెత్తలేదు.

"ఓడినోళ్లు కండెలు చుట్టాలెనని నేనే అంటి గద. నువ్వు మామ దగ్గరికి పో."